అట్ట మీది ఆమె ఎవరు?

నా పరిశోధన పుస్తకంగా అచ్చయి మూడేళ్లు దాటింది. తెలంగాణ కథల్లో శ్రామిక స్త్రీ గురించిన పని అది. అట్ట మీద రెండు చేతులుంటాయి. చాటలో కత్తిరించిన తునికాకు, కొంచెం తంబాకు, ముడతలు పడిన వేళ్ల మధ్య సగం చుట్టిన బీడీ. చుట్టూ అంతా నలుపు. ఆ ఫొటో నేనే తీశాను. చెన్నూరులో మా ఇంటి పక్క అవ్వ అరుగు మీద కూచుని బీడీలు చేస్తున్నప్పుడు తీసింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆవిష్కరణ సభలో ఒక పెద్ద రచయిత్రి "ఈ చేతులే సగం పుస్తకం చెప్పేశాయి" అంటే నేను పొంగిపోయాను.

సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు అవ్వకు ఒక కాపీ ఇచ్చాను. ఆమె దాన్ని వెలుతురుకి తిప్పి చాలాసేపు చూసింది.

"గివి నా చేతులే గద బిడ్డా?"

"అవునవ్వా."

"మరి నా మొకమేది?"

నేనేం చెప్పాలో వెతుక్కుంటుంటే ఆమే అంది, "మొకం మంచిగ లేదని కోసేసినవా?" నవ్వుతూనే అంది. నేనూ నవ్వేసి తప్పించుకున్నాను. ఆ రాత్రి పుస్తకం తిరగేసి చూస్తే, చివర కథకుల పేర్ల అకారాది నాలుగు పేజీలుంది. ముద్రించిన ప్రెస్సు పేరుంది, డీటీపీ చేసినవారి పేరుంది. ముఖచిత్రం అని నా పేరుంది. అవ్వ పేరు ఎక్కడా లేదు.

ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, కిందటేడు ఒక సదస్సులో స్త్రీల ఫొటోగ్రఫీ మీద రెండు రోజులు చర్చ జరిగింది. మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది నాకు ఇష్టమైనవాళ్లు, నాకు పాఠాలు చెప్పినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల మాటల సారం ఒకటే. మగవాడి కెమెరా గురి చూస్తుంది, ఆడదాని కెమెరా అక్కున చేర్చుకుంటుంది. స్త్రీ ఫొటో తీస్తే అందులో సహజంగానే కరుణ ఉంటుంది, బాధితురాలితో బంధం ఉంటుంది, దోపిడీ ఉండదు. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు లేవలేదు. అట్ట మీది రెండు చేతులు గుర్తొచ్చాయి.

ఈ మాట అబద్ధమని నా వాదన. అబద్ధమే కాదు, మనకు చాలా సౌకర్యంగా ఉండే అబద్ధం. తల్లితనాన్ని మన అర్హతగా ఎవరో రాసిపెడితే నిన్నటిదాకా కొట్లాడినవాళ్లం, కెమెరా దగ్గరికి వచ్చేసరికి అదే అర్హతను మనమే నెత్తిన పెట్టుకుంటున్నాం. పైగా కరుణ మనకు పుట్టుకతోనే వచ్చిందని నమ్మితే ఇక దేన్నీ సరిచూసుకోవాల్సిన పని ఉండదు. ఎక్కడ నిలబడి తీశాం, అడిగి తీశామా, కింద ఎవరి పేరు రాశాం, తీసిన ఫొటో ఆ మనిషికి తిరిగి చేరిందా అన్న ప్రశ్నలన్నీ మగ ఫొటోగ్రాఫర్లకే మిగులుతాయి.

ఆ సదస్సులో తెర మీద మొదట వేసిన బొమ్మ డొరోతియా లాంగ్ 1936లో తీసిన 'వలస తల్లి'. కాలిఫోర్నియాలో నిపోమో దగ్గర బఠాణీ తోటల కూలీల శిబిరం. డేరా కింద ఒక తల్లి, ఆమె భుజాల మీద మొహాలు దాచుకున్న ఇద్దరు పిల్లలు, ఒడిలో పసిబిడ్డ. ఆర్థిక మాంద్యం నాటి అమెరికాకు ముఖం ఏదంటే అదే చూపిస్తారు. స్త్రీ చూపులోని కరుణకు కూడా అదే ఉదాహరణ. ఆ రోజు గురించి లాంగ్ 1960లో రాసింది. ఆ తల్లి పేరు గానీ, ఆమె కథ గానీ తాను అడగలేదని చెప్పింది. తమ ఇద్దరి మధ్యా ఒక రకమైన సమానత్వం ఉందని కూడా అదే చోట చెప్పింది. పేరు అడగని సమానత్వం!

ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, అంటే 42 ఏళ్ల తరువాత. ఆమె చెరోకీ మూలవాసి. ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేదని, దానివల్ల తనకు చిల్లిగవ్వ రాలేదని ఆమె విలేఖరులతో చెప్పింది. ఫొటోలు పత్రికలో పడగానే శిబిరానికి ప్రభుత్వం తిండి సామాన్లు పంపిన మాట నిజమే. అవి వచ్చేసరికి ఆమె కుటుంబం అక్కడ లేదు. లాంగ్‌కి అన్యాయం చేయకూడదు, ప్రభుత్వ ఉద్యోగంలో తీసింది కనుక ఆమెకూ ఆ బొమ్మ మీద రాయల్టీ రాలేదు. పేరు వచ్చింది. పేరు ఒకరికే రావడం గురించే నా బాధ. ఈ కథంతా మన సదస్సులో ఎవరూ చెప్పలేదు. చెప్తే కరుణ సిద్ధాంతం అక్కడే కూలిపోతుంది కదా.

తరువాత హోమాయ్ వ్యారావాలా. మన దేశంలో మొదటి మహిళా ఫొటో జర్నలిస్టుగా చెప్పుకునే ఆమె 1913లో నవ్‌సారిలో పుట్టింది. మొదట్లో ఆమె తీసిన ఫొటోలు భర్త పేరు మీద అచ్చయ్యాయి. తరువాత 'డాల్డా 13' అనే మారుపేరుతో. చీర కట్టుకుని, బరువైన కెమెరా మోసుకుంటూ ఢిల్లీలో మగ ఫొటోగ్రాఫర్ల గుంపులో ఒంటరిగా పని చేసింది. 1970లో ఆ పనే వదిలేసింది. కొత్తగా వచ్చిన ఫొటోగ్రాఫర్ల తీరు ఆమెకు నచ్చలేదు. తమ కాలంలో నియమాలుండేవి, మర్యాద ఉండేది అని చెప్పింది. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు, మరుసటి ఏడాది చనిపోయింది. ఆమె మీద నాకు గౌరవం ఉంది. కానీ గమనించండి, ఆమె తన పద్ధతిని నియమం అంది. ఆడదాన్ని కాబట్టి అట్లా తీశాను అని చెప్పుకోలేదు. ఆ మర్యాద ఎక్కువగా ఎవరికి దక్కింది అని కూడా అడగాలి. ప్రధానులకు, రాయబారులకు, విందులకు వచ్చిన అతిథులకు. నెహ్రూ ఫొటో కింద నెహ్రూ అని రాయడానికి ఎవరి కరుణా అక్కర్లేదు. బీడీలు చేసే అవ్వ దగ్గరికి వచ్చేసరికే మనకు కరుణ కావాల్సి వస్తుంది, పేరు మాత్రం మరిచిపోతాం.

అయితే దారి చూపిన స్త్రీలు లేరా? ఉన్నారు. 1980ల మొదట్లో ఢిల్లీలో వరకట్న హత్యల మీద జరిగిన ఊరేగింపుల్లో షీబా ఛాఛీ ఫొటోలు తీసింది. ఉద్యమం లోపలి మనిషి. అయినా పిడికిలి బిగించి నినాదం ఇస్తున్న ఒక్క క్షణంలో ఒక మనిషి జీవితమంతా ఇరుక్కుపోతోందని ఆమెకే అనుమానం వచ్చింది. 1990లో మళ్లీ అదే కార్యకర్తల దగ్గరికి పోయి, మీ ఫొటో ఎక్కడ, ఏ వస్తువులతో, ఎట్లా కూచుని తీయాలో మీరే చెప్పండి అని అడిగింది. ఏడుగురు స్త్రీల ఆ చిత్రాలే 'సెవెన్ లైవ్స్ అండ్ ఎ డ్రీమ్'. నేను మెచ్చుకునేది ఆమె కరుణను కాదు, అనుమానాన్ని.

మనకు ఇంకా దగ్గరగా, మన భాషలోనే, అంతకన్నా గట్టి మాట చెప్పినవాళ్లున్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా, అప్పుడు మెదక్. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు 1990ల చివర వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. చిన్న కమతాల రైతులు, కూలీలు, చాలామందికి అక్షరాలు రావు. 2001లో వాళ్లదే కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. వరంగల్ జిల్లా రైతుల బీటీ పత్తి కష్టాల మీద వాళ్లు తీసిన చిత్రం దేశాలు దాటింది. ఇదంతా మనలో చాలామందికి తెలిసిందే. వాళ్లు కెమెరా కోణాలకు పెట్టుకున్న పేర్ల గురించే ఇక్కడ కొంచెం ఆగాలి.

పైనుంచి కిందికి చూసే కోణాన్ని వాళ్లు 'పటేల్ షాట్' అన్నారు. అరుగు మీదో గుర్రం మీదో ఉన్న పటేల్ కింద నిలబడ్డవాళ్లను అట్లాగే చూస్తాడు కాబట్టి. కిందినుంచి పైకి చూసేది బానిస చూపు. కళ్లకు కళ్లు సమంగా ఉంచి తీసేది 'సంఘం షాట్'. సంఘం మీటింగులో అందరూ కింద ఒకే ఎత్తులో కూచుంటారు కాబట్టి. మా చెన్నూరు వైపు ఆడవాళ్లయితే మొదటిదాన్ని దొర షాట్ అనేవాళ్లేమో. ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పుస్తకాల్లో ఈ కోణాలకు హై, లో అని ఎత్తు కొలతలే ఉంటాయి. ఎవరు ఎవరిని చూస్తున్నారన్నది ఉండదు. అక్షరం రాని స్త్రీలు అందులో ఊరిని పెట్టారు, భూమిని పెట్టారు, కులాన్ని పెట్టారు.

ఇంకొకటి. ఆడ షాట్, మగ షాట్ అని వాళ్లు పేర్లు పెట్టలేదు. ఆ మాట అనే హక్కు ఎవరికైనా ఉంటే ముందు వాళ్లకే ఉండాలి. పొలంలోనూ ఇంట్లోనూ రెండు చోట్లా అణిగినవాళ్లు. అయినా ఆడవాళ్లం కాబట్టి మా షాట్ దానంతటదే సంఘం షాట్ అవుతుందని అనుకోలేదు. సంఘం షాట్ రావాలంటే కూర్చోవాలి. ఎదుటి మనిషి నేల మీదుంటే కెమెరా కూడా నేల మీదికి దిగాలి. ఎవరి చేతిలో కెమెరా ఉన్నా మోకాళ్లు వంచకపోతే అది పటేల్ షాటే.

ఇది చదివిన రోజు నా ఫొటో అసలు ప్రతి కంప్యూటర్‌లో తెరిచి చూశాను. అట్ట కోసం కత్తిరించక ముందుది. అందులో కూడా అవ్వ ముఖం లేదు! నెరిసిన పాపట ఉంది, వంగిన భుజాలున్నాయి, కింద చేతులు. నేను నిలబడి తీశాను. ఆమె చాట మీదికి వంగి ఉంది. నిలబడి ఉన్న మనిషికి బీడీలు చేసే మనిషి ముఖం కనబడదు. రోజుకు వెయ్యి బీడీలు చేయాలంటే తల ఎత్తే తీరిక ఉండదు. "అవ్వా, ఒక్కసారి ఇటు చూడు" అనో, పక్కన కూచుని ఆమె లేచేదాకా ఆగో తీస్తే ముఖం వచ్చేది. నేను ఆగలేదు. బస్సు టైమైంది, అట్టకు బొమ్మ కావాలి. ఆ ఫొటోలో కళాత్మకత అని మీరంతా మెచ్చుకున్నది నా తొందర.

మా అమ్మ కూడా పదేళ్లు బీడీలు చేసింది. ఇది నా అర్హతగా చెప్పడం లేదు. ఆ అర్హత ఉండి కూడా నేను నిలబడే తీశానని చెప్పడానికి. మా వాడకట్టులో చాలామంది ఆడవాళ్లకు జీవితంలో మొదటి ఫొటో పెళ్లిది కూడా కాదు, బీడీ కార్మికుల గుర్తింపు కార్డుకు దిగింది. స్టూడియోలో నీలం తెర ముందు, ఊపిరి బిగబట్టి. వాళ్లు చేసిన బీడీల కట్ట మీద తరచుగా ఉండేది యజమాని ఫొటో, పక్కన ఆయన పేరు. చేసినవాళ్ల ముఖం కార్డు మీద, చేయించినవాళ్ల ముఖం సరుకు మీద. చేతులు నా పుస్తకం మీద.

చెన్నూరుకు ఈ మధ్య కెమెరాలు చాలా వచ్చాయి. మేడిగడ్డ బ్యారేజీని 2019 జూన్‌లో ప్రారంభించిన తరువాత గోదావరి ఫొటోలన్నీ ఆకాశం నుంచే వచ్చాయి. గేట్లు, నీళ్లు, నీళ్లకు ఆవల పచ్చదనం. డ్రోన్ అంటే పటేల్ ఇంకా నాలుగు వందల అడుగులు పైకెక్కడమే. అంత ఎత్తు నుంచి చూస్తే మునిగిన పొలం కూడా నిండిన చెరువులాగే అందంగా ఉంటుంది. బ్యాక్ వాటర్ చెన్నూరు, కోటపల్లి మండలాల చేలల్లోకి ఎక్కిన సంగతి, 2022 జూలై వరదలో పత్తి చేలు బురద కింద కుళ్లిన సంగతి గట్టు మీద నిలబడ్డవాళ్లకే తెలుసు. 2023 అక్టోబర్‌లో బ్యారేజీ పిల్లర్లు కుంగినప్పుడు మళ్లీ కెమెరాలన్నీ బ్యారేజీ దగ్గరికి పోయాయి.

వరద తీసిన వారానికి నేను మా చిన్నమ్మ వాళ్ల చేను చూడటానికి పోయాను. నాలాగే కెమెరాతో ఒక యువతి వచ్చింది. హైదరాబాద్ నుంచి, ఏదో సంస్థ నివేదిక కోసం. మంచి మనిషి, కళ్లనీళ్లు పెట్టుకుంది కూడా. చిన్నమ్మను కుళ్లిన పత్తి మొక్క చేత పట్టుకుని బురదలో నిలబడమంది. నిలబడింది. కొంచెం తల వంచమంది. వంచింది. చిన్నమ్మ ఆమెకు చెప్పాలనుకున్నది వేరే. పట్టా బాబాయి పేరు మీదుంది, పక్క చేను కౌలుది, నష్టం రాసేటప్పుడు ఈ రెండు చేలల్లోనూ తన పేరు ఎక్కడా రాయరు. అది ఫొటోలో పడే సంగతి కాదు కాబట్టి వినడానికి ఆ అమ్మాయికి టైం లేకపోయింది. పోయేటప్పుడు చిన్నమ్మ చేతులు పట్టుకుని "మీ బాధ నాకు అర్థమైంది" అంది.

"ఏమర్థమైందో నాకైతే అర్థం గాలే" అంది చిన్నమ్మ ఇంటికి వచ్చాక.

మన పత్రికల్లో మగ రైతు ఫొటో కింద రైతు అని రాస్తారు. ఆడమనిషి ఫొటో కింద 'రోదిస్తున్న మహిళ' అని. ఏడుపు చూపించినంత మాత్రాన ఆమె రైతు అయిపోదు. ఆ యువతి ఒక్క వాక్యం రాసుకున్నా, ఈమె రెండెకరాల సొంత చేను, పక్కన కౌలు చేను దున్నే రైతు అని రాసినా, ఆ ఫొటో ఎక్కడో ఒక దరఖాస్తుకు పనికొచ్చేది.

ఈ మాట సదస్సులో అన్నప్పుడు రెండు అభ్యంతరాలు వచ్చాయి. ప్రతివాళ్లనూ అడిగి, కూచుని, పేరు రాసుకుంటే వార్తా ఫొటో ఎప్పుడు తీస్తాం? లాఠీ లేచినప్పుడు అడుగుతామా? అడగలేం. లాఠీ పట్టినవాణ్ని అసలు అడగక్కర్లేదు. కానీ మన అట్టల మీదున్న ఫొటోల్లో లాఠీలెన్ని? నీళ్ల బిందెలు, నాట్లు, బతుకమ్మలు, ముడతలు. ఇవన్నీ తీరిగ్గా తీసినవే. అడగడానికి టైం లేక కాదు, అడగాలని తోచక.

రెండోది బరువైన ప్రశ్న. పేరు, ముఖం బయటపెడితే ప్రమాదం కాదా? అవుతుంది. 2019 నవంబర్‌లో మా పక్క ఆసిఫాబాద్ జిల్లాలో, ఊరూరా తిరిగి సరుకులమ్ముకుని బతికే ఒక దళిత స్త్రీని అత్యాచారం చేసి చంపారు. మూడు రోజులకు హైదరాబాద్ శివార్లలో 'దిశ' ఘటన. దేశమంతా రెండోదాని కోసం లేచింది, మొదటిదాని కోసం జిల్లా లేచింది. చట్టం ప్రకారం ఆమె అసలు పేరు, ఫొటో వాడకూడదు. 'సమత' అని పేరు పెట్టుకున్నాం. అక్కడ పేరు దాచడమే న్యాయం. కానీ ఆ నియమాన్ని అడ్డం పెట్టుకుని, నాట్లేసే మనిషి పేరు కూడా మనం రాయడం లేదు. ఒకరిది కాపాడటం, ఇంకొకరిది అడగకపోవడం. రెండింటినీ ఒకే మౌనంలో కలిపేయడం మన బద్ధకం.

చివరగా ఒక అపార్థం రాకుండా. పత్రికల్లో, ఛానళ్లలో స్త్రీలు ఫొటోగ్రాఫర్లుగా రావాలా వద్దా అన్నది నా చర్చ కాదు. నేను చెన్నూరులో పెరిగినన్నాళ్లూ ఏ పత్రిక నుంచీ ఒక్క ఆడ ఫొటోగ్రాఫర్ రాలేదు. సగం ఉద్యోగాలు మనకు రావాలి. అది హక్కు. దానికి కరుణ సర్టిఫికెట్ జత చేయక్కర్లేదు. మగవాడికి ఆ ఉద్యోగం ఇచ్చేటప్పుడు నీలో జాలి ఉందా అని ఎవరూ అడగలేదు కదా.

నేను అడిగేది మన ఇంటి సంగతి. మీ అలమరలో స్త్రీవాద పుస్తకాలు, ప్రత్యేక సంచికలు, సదస్సు పత్రాల సంకలనాలు ఒక పది తీయండి. అట్ట మీద ఊరి ఆడమనిషి ఉన్నవి వేరు చేయండి. లోపలి పేజీలో ఆమె పేరు ఎన్నింట్లో ఉందో చూడండి. నా దగ్గరున్న పదకొండు పుస్తకాల్లో చూశాను. ఒక్కదాంట్లో ఉంది. అది నాది కాదు.

ఈ ఉగాదికి అవ్వ దగ్గరికి కెమెరా తీసుకుని పోయాను. రెండో ముద్రణకు అట్ట మారుస్తాను, నీ ఫొటో ఎట్లా కావాలో చెప్పు అన్నాను. పేరు వేయనా అని కూడా అడిగాను. "పుస్తకంల ఎయ్యి. పత్రికల రాసేదుంటే మాత్రం ఎయ్యకు. కార్ఖానోల్లు జూస్తే మల్ల గదొక లొల్లి" అంది. అందుకే ఈ వ్యాసంలో ఆమె పేరు లేదు.

ఫొటోకు ఆమె చాట తీసి లోపల పెట్టింది. "బీడీలు జేసుడు రోజుండేదే" అంది. కోడలి పట్టుచీర కట్టుకుంది, కళ్లజోడు తుడిచి పెట్టుకుంది, ప్లాస్టిక్ కుర్చీ వాకిట్లోకి తెప్పించుకుని కూచుంది. నేను ఎదురుగా చిన్న పీట మీద కూచున్నాను. కెమెరాలోకి సూటిగా, కొంచెం కోపంగా చూసింది. చేతులు రెండూ కొంగు కింద దాచుకుంది. బయట పెట్టమని నేను అడగలేదు.

ప్రచురణకర్తకు పంపాను. ఫొటో బాగుంది కానీ ఇందులో శ్రామిక స్త్రీ ఎక్కడుంది అని జవాబు రాశారు. ఉత్తరాలు నడుస్తున్నాయి. అవ్వ మాత్రం రెండు కాపీలు పెద్దవి కడిగించి తెమ్మంది, ఒకటి అద్దం వేయించి.